వైజాగ్‌లో రోజువారీ అద్దె ఫ్లాటుకి బుకింగులు పెంచుకోవడం ఎలా?

బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ, సాగర్ నగర్, రుషికొండ, మధురవాడ. వైజాగ్‌లో ఏ వైపు వెళ్ళినా రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లు కనిపిస్తున్నాయి. ఎయిర్‌బీఎన్‌బీలోనో బుకింగ్ డాట్ కామ్‌లోనో వెతికేవాళ్ళకి ఒకేలాంటి తెల్ల దుప్పట్లు, ఒకేలాంటి సముద్రం ఫొటోలు వరసగా కనిపిస్తాయి. అందులో మీ ఫ్లాటు దగ్గర వేలు ఆగాలంటే, ఆగాక బుక్ చేయాలంటే, కొత్త సోఫా కొనేలోపు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి.

ఫోన్లో చూస్తున్న మనిషికి సవాలక్ష అనుమానాలుంటాయి. లిఫ్టు ఉందా? కారు ఎక్కడ పెట్టాలి? పొద్దున్న ఆరింటికి రైలు దిగితే తాళం ఎవరిస్తారు? చేపలు వండుకోనిస్తారా? మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి వెస్టర్న్ కమోడ్ ఉందా? ఏ ఫ్లాటు పేజీలో ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుందో అక్కడే డబ్బు కడతారు. కింద చెప్పేవన్నీ రెండు బెడ్‌రూముల ఫ్లాటుని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీది చిన్నదైనా పెద్దదైనా అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

ముందు ఎవరొస్తారో తేల్చుకోండి

అందరినీ కలిపి టూరిస్టులు అనుకుంటే ధరా తప్పుతుంది, సామాన్లూ తప్పుతాయి. వైజాగ్‌కి వచ్చేవాళ్ళు చాలా రకాలు. ఒక్కొక్కరిదీ ఒక్కో సీజను.

దసరా సెలవుల్లో బెంగాల్, ఒడిశా కుటుంబాలు వస్తాయి. పూజా సెలవులకి వైజాగ్, అరకు చూసి వెళ్ళడం వాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి వస్తారు, మూడు నాలుగు రాత్రులుంటారు, ఒక పూటైనా ఇంట్లో వండుకుంటారు. వీళ్ళు ముందు రైలు టికెట్టు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే బస చూస్తారు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. అంటే దసరాకి రెండు నెలల ముందే వెబ్‌సైటులో మీ క్యాలెండర్ తెరిచి, ఆ రోజుల ధర పెట్టి ఉంచాలి. చాలామంది సెప్టెంబరు ఆఖర్లో మేలుకుంటారు. అప్పటికి పెద్ద కుటుంబాలన్నీ ఎక్కడో ఒకచోట బుక్ చేసేసుకుని ఉంటాయి.

నవంబరు నుంచి జనవరి దాకా అరకు చలి, వలిసె పూలు, వంజంగి కొండ మీది మేఘాల కోసం హైదరాబాద్, విజయవాడ నుంచి కుర్రాళ్ళు, చిన్న కుటుంబాలు వస్తారు. శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రి వెనక్కి వెళ్ళిపోతారు. డిసెంబరు చివర్నుంచి సంక్రాంతి దాకా విదేశాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు వారం, పదిరోజులకి అడుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల సెలవులు. ఉక్కపోత ఎక్కువ కాబట్టి ఈ రెండు నెలలూ ఏసీ బాగోకపోతే మిగతా ఎంత బాగున్నా రివ్యూ పోయినట్టే.

పెళ్ళిళ్ళ కోసం పంచాంగం దగ్గర పెట్టుకోండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు దగ్గర్లోని కళ్యాణ మండపం వాళ్ళకి ముందే తెలుసు. పెళ్ళివారు రెండు రాత్రులకి తీసుకుంటారు, బేరం తక్కువ చేస్తారు, కానీ మంది ఎక్కువ. ఆషాఢం, మూఢం వచ్చినప్పుడు ఈ బుకింగులు ఒక్కసారిగా ఆగిపోతాయి. మూఢం ఏటా ఒకే నెలలో రాదు కాబట్టి ఉగాదికే కొత్త పంచాంగం చూసి, ఆ రోజులకి వేరే ఏర్పాటు ఆలోచించుకోవాలి.

సింహాచలం తేదీలూ రాసుకోండి. వైశాఖ శుద్ధ తదియకి చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి సుమారు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. ప్రదక్షిణ దారి అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, ఇసుకతోట మీదుగా పోతుంది. ఆ దారిలో ఫ్లాటు ఉంటే ఆ రాత్రికి గిరాకీ ఉంటుంది. ట్రాఫిక్ మళ్ళిస్తారు కాబట్టి కారులో వచ్చేవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పాలి.

టూరిజం ప్రకటనల్లో కనిపించని అతిథులు ఇంకొందరున్నారు. ఆరిలోవలోని ఆసుపత్రుల సముదాయం హెల్త్ సిటీకి, ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వైద్యానికి వచ్చే కుటుంబాలవి. వానాకాలంలోనూ, వారం మధ్యలోనూ వస్తారు, వారం రెండు వారాలుంటారు. రుషికొండ దగ్గరైతే గీతం విశ్వవిద్యాలయంలో పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు. మధురవాడ, పీఎం పాలెం వైపైతే క్రికెట్ మ్యాచ్ షెడ్యూలు వచ్చిన గంటల్లోనే ఆ తేదీలకి వెతుకులాట మొదలవుతుంది.

మీ ఫ్లాటు ఎక్కడుందో చూసుకుని ఇందులో రెండు వర్గాలని ఎంచుకోండి. ఇల్లు, ఫొటోలు, రాత, ధర అన్నీ వాళ్ళ కోసమే తయారవ్వాలి. మిగతావాళ్ళు వస్తే వద్దనక్కర్లేదు.

ఇల్లు: వాసన, ఇసుక, ఉప్పుగాలి

తక్కువ రేటింగులకి కారణం ఫర్నిచరు కాదు. తలుపు తీసిన మొదటి నిమిషంలో ముక్కుకి తగిలేది.

వారం పదిరోజులు ఖాళీగా ఉన్న ఫ్లాట్లో బాత్రూం నుంచి మురుగు వాసన వస్తుంది. శుభ్రంగా కడిగినా వస్తుంది. నేల మీద జాలీ కింద ఉండే ట్రాప్‌లో నిలిచిన నీరే కింది పైపు గాలిని పైకి రానీయకుండా ఆపుతుంది. వాడకం లేక ఆ నీరు ఆవిరైపోతే వాసన నేరుగా గదిలోకి వస్తుంది. అతిథి రావడానికి ముందు రోజు ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్ళు పోయించండి. బాల్కనీ, వాషింగ్ మెషీన్ దగ్గర ఉన్న జాలీలు మర్చిపోయేవి, అక్కడా పోయాలి. కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయాలి. కలరా ఉండలు, రూం ఫ్రెష్‌నర్ల ఘాటు పెడితే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. కిటికీలు గంటసేపు తెరిచి ఉంచడం, తర్వాత ఏసీని డ్రై మోడ్‌లో అరగంట నడపడం మేలు. బీరువా తలుపులు ఖాళీ రోజుల్లో ఓరగా తెరిచి ఉంచితే పరుపులకీ దుప్పట్లకీ చెమ్మ వాసన పట్టదు.

బీచ్ నుంచి వచ్చేవాళ్ళు ఇసుకతో వస్తారు. అది ఆపలేం, దారి మళ్ళించగలం. గుమ్మం బయట ఒక కొబ్బరి పీచు పట్టా, లోపల ఒక నూలు పట్టా వేయండి. కింద పార్కింగ్‌లో కుళాయి ఉంటే అక్కడ ఒక బకెట్టు, మగ్గు పెట్టి, 'ఇక్కడ కాళ్ళు కడుక్కోండి' అని రాసి అంటించండి. అసోసియేషన్‌కి ముందే చెప్పి చేయండి. అయినా కొంత ఇసుక బాత్రూంలోకి చేరుతుంది. వారానికోసారి జాలీ తీసి చేత్తో ఇసుక ఎత్తేయాలి. నీళ్ళు కొట్టి తోసేస్తే అది వంపులో పేరుకుని, మూడో నెలకి నీళ్ళు పోక, రాత్రి పదింటికి అతిథి ఫోన్ చేస్తాడు.

తువ్వాళ్ళు మందంగా ఉంటే హోటల్‌లా ఉంటుందని 600 జీఎస్ఎంవి (చదరపు మీటరు బట్ట 600 గ్రాములు తూగేవి) కొంటారు. వైజాగ్ తేమకి అవి ఒక రోజులో ఆరవు, రెండో రోజుకి ముక్కిపోయిన వాసన వేస్తాయి. 400 నుంచి 450 జీఎస్ఎంవి చాలు. తెల్లవే కొనండి. మరక కనిపిస్తుందని భయపడొద్దు, కనిపిస్తేనే కదా ఉతికించేది. లెక్క ఇలా వేసుకోండి: ప్రతి మంచానికీ మూడు జతల దుప్పట్లు, గలీబులు. ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. ఆరుగురికి పద్దెనిమిది పెద్ద తువ్వాళ్ళు. రెండు జతలతో నెట్టుకొద్దామంటే వానాకాలంలో బట్టలు ఆరని రోజు తడి గలీబు వేయాల్సి వస్తుంది. పరుపులకి నీరు పీల్చని కవరు తప్పనిసరి. దుప్పటి మార్చినప్పుడల్లా పరుపు కుట్టు అంచులు వేలితో విడదీసి నల్ల చుక్కలున్నాయేమో చూడమని పనివాళ్ళకి నేర్పండి. నల్లులు ఒక్కసారి రివ్యూలోకి ఎక్కితే ఆ సీజను మీద ఆశ వదులుకోవాల్సిందే.

సముద్రం ఒక కిలోమీటరు లోపు ఉంటే ఇనుప వస్తువులన్నీ తుప్పు పడతాయి. బాత్రూం ర్యాకు, కర్టెన్ కొక్కేలు, షవర్ తల మీది తుప్పు మరకని అతిథి మురికి అనే అనుకుంటాడు. చిన్న వస్తువులు ఇత్తడి, అల్యూమినియం, మంచి ప్లాస్టిక్‌వి పెట్టండి. స్టీలైతే 304 గ్రేడుకి తగ్గకూడదు, సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీకి 316 నిలుస్తుంది. ఏసీ బయటి యూనిట్ మీద ఉప్పు పొర పేరుకుంటే చల్లదనం తగ్గి కరెంటు బిల్లు పెరుగుతుంది. నెలకోసారి మెయిన్ ఆపి మంచినీళ్ళతో మెల్లగా కడిగించండి, లోపలి ఫిల్టర్ రెండు వారాలకోసారి. సర్వీసింగ్ ఫిబ్రవరిలోనే చేయించాలి. మార్చి దాటాక మెకానిక్‌లు దొరకరు.

గీజరు 15 లీటర్లదైతే ఇద్దరికి బకెట్ స్నానం సరిపోతుంది, మూడోవాళ్ళు పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. ఆరుగురు పట్టే ఇంటికి కనీసం ఒక బాత్రూంలో 25 లీటర్లది పెట్టండి. స్విచ్ ఎక్కడుందో దాని పక్కనే రాసి అంటించండి. వేడినీళ్ళు రావడం లేదన్న ఫోన్లలో సగం స్విచ్ కనపడకే వస్తాయి. ఇన్వర్టరుకి 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే ఫ్యాన్లు, లైట్లు, వైఫై రూటరు కొన్ని గంటలు నడుస్తాయి. రూటరు ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో ఒకసారి మెయిన్ ఆపి చూడండి. చాలా ఇళ్ళలో ఉండదు.

వంటగది మీద చాలామంది ఖర్చు తగ్గిస్తారు, అక్కడే పెద్ద కుటుంబాలు చేజారతాయి. 5 లీటర్ల కుక్కరు ఒకటి, 3 లీటర్లది ఒకటి, లోతైన పెద్ద మూకుడు, మిక్సీ, పదును ఉన్న కత్తి, ఎనిమిది కంచాలు, మూత సరిగ్గా పట్టే గిన్నెలు, ఒకటి ఖాళీ అయితే మార్చడానికి రెండో గ్యాస్ సిలిండరు. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు, రొయ్యలు తెచ్చుకుని వండుకునేవాళ్ళు ఎక్కువ. వాటికోసం వేరే కత్తి పీట, వేరే మూకుడు పెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాను బాగుచేయించి, చెత్తని ఏ సమయానికి ఎక్కడ ఇవ్వాలో రాయండి. మీ ఇంట్లో మాంసాహారం వండకూడదంటే అదీ మీ హక్కే, కాని లిస్టింగులో, అంటే వెబ్‌సైటులోని మీ ఫ్లాటు పేజీలో, మొదటి నాలుగు వరసల్లోనే చెప్పండి. వచ్చాక చెబితే గొడవే. ఒక స్టీలు ఫిల్టరు, అరకు కాఫీ పొడి చిన్న ప్యాకెట్టు, అర లీటరు పాలు పెడితే ఖర్చు తక్కువ, రివ్యూలో పేరు ఎక్కువ.

ఆసుపత్రి కుటుంబాలని ఎంచుకున్నవాళ్ళు కమోడ్ పక్కన గోడకి పట్టుకునే రాడ్డు, బాత్రూంలో జారని పట్టా, ఎత్తైన కుర్చీ ఒకటి, మందులు పెట్టుకునేందుకు ఫ్రిజ్‌లో ఖాళీ అర ఏర్పాటు చేయండి. లిఫ్టు తలుపు వెడల్పు కొలిచి రాయండి. చక్రాల కుర్చీ పడుతుందో లేదో వాళ్ళకి అదే ముఖ్యం.

ఫొటోలు

వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంది. ఉదయం బాల్కనీ వైపు ఫోన్ పెడితే సూర్యుడు నేరుగా లెన్సులోకి వచ్చి గది చీకటి గుయ్యారంలా, సముద్రం తెల్ల కాగితంలా పడుతుంది. సముద్రం కనిపించే ఫొటోలు మధ్యాహ్నం మూడు నాలుగింటికి తీయండి. ఎండ పడమటి నుంచి పడి నీళ్ళు నీలంగా కనిపిస్తాయి. పడమటి గదులు పొద్దున్న ఎనిమిది, తొమ్మిదింటికి.

ఫోన్ అడ్డంగా పట్టుకుని, గది మూలలో నిలబడి, ఛాతీ ఎత్తులో తీయాలి. అన్ని కర్టెన్లూ తెరిచి, అన్ని లైట్లూ వేసి, చార్జర్ వైర్లు, చెత్తబుట్ట, దేవుడి క్యాలెండర్లు పక్కకి తీసి. 0.5 జూమ్‌తో తీస్తే గది రెండింతలుగా కనిపిస్తుంది, కానీ లోపలికి వచ్చినవాళ్ళకి మోసపోయామన్న భావం కలుగుతుంది, రివ్యూ అక్కడే పడిపోతుంది. ఇరవై, ఇరవై అయిదు ఫొటోలు చాలు. అందులో ఇవి తప్పకుండా ఉండాలి: రెండు బాత్రూములూ, కమోడ్ కనపడేలా, పార్కింగ్ స్థలం, అందులో ఒక కారు ఆగి ఉండగా, లిఫ్టు, వంట సామాను పరిచిన గట్టు, గేటు బయటి రోడ్డు. ఈ అయిదూ చాలా లిస్టింగుల్లో ఉండవు. అతిథి అడగాలనుకుని అడగలేక వదిలేసి వెళ్ళిపోయేవి ఇవే.

మొదటి ఫొటో మీ ఇంటిదే అవ్వాలి. ఆర్కే బీచ్ ఫొటో, కైలాసగిరి ఫొటో పెడితే పక్క నలభై ఫ్లాట్లతో కలిసిపోతారు.

లిస్టింగ్ రాయడం

ఎయిర్‌బీఎన్‌బీలో టైటిల్‌కి 50 అక్షరాలే ఇస్తారు. 'ప్రశాంతం', 'స్వర్గం' లాంటి మాటలకి అవి ఖర్చు చేయకండి. లాసన్స్ బే కాలనీ ఫ్లాటైతే ఊరి పేరు అక్కర్లేదు, వెతికేవాడికి తెలుసు. కాలనీ పేరు, రెండు ఏసీ గదులు, పార్కింగ్, బీచ్‌కి నడకలో ఎన్ని నిమిషాలు. ఇంతే.

దూరాలు నిమిషాల్లో చెప్పండి, ఎలా వెళ్తే అన్ని నిమిషాలో కూడా. బీచ్‌కి నడిచి ఆరు నిమిషాలు, మధ్యలో ఒక మెయిన్ రోడ్డు దాటాలి. ఇలా రాస్తే పిల్లలున్నవాళ్ళు నమ్ముతారు. సీ వ్యూ అన్న మాట జాగ్రత్త. బాల్కనీ ఎడమ కొసన నిలబడితే రెండు భవనాల మధ్య కనిపించే సముద్రాన్ని సీ వ్యూ అంటే తిట్లు తింటారు. ఉన్నదున్నట్టు చెప్పి ఫొటో అక్కడి నుంచే తీసి పెడితే అదే నచ్చి వస్తారు.

లోపాలు మీరే చెప్పండి. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పక్కనే గుడి ఉంది, ఉదయం అయిదింటికి మైకు వేస్తారు. ఎదురుగా కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు, పగలు శబ్దం ఉంటుంది. ఇవి చదివి కొందరు వెళ్ళిపోతారు, నిజమే. వచ్చినవాళ్ళు మాత్రం ఆ విషయం మీద నక్షత్రాలు కొయ్యరు.

ఐడీ నియమం మొహమాటం లేకుండా రాయండి: పెద్దవాళ్ళందరికీ గుర్తింపు కార్డు, ఊళ్ళోవాళ్ళ ఐడీ తీసుకుంటారా లేదా, పెళ్ళికాని జంటలకి ఇస్తారా లేదా, పార్టీలు ఒప్పుకోరు, రాత్రి పదిన్నర తర్వాత గట్టి పాటలు వద్దు. గేటు దగ్గర ఎవరినైనా వెనక్కి పంపాల్సి వస్తే వాళ్ళకీ అవమానం, మీకూ నష్టం.

సముద్ర స్నానం గురించి రెండు వాక్యాలు ఇంట్లో కాగితం మీద ఉండాలి. వైజాగ్ తీరంలో అలల కింద వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి, యారాడ లాంటి చోట్ల లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, ఏటా ప్రాణాలు పోతున్నాయి. లైఫ్‌గార్డులున్న చోటే, మోకాలి లోతు దాటకుండా అని తెలుగు, హిందీ, ఇంగ్లీషు, బెంగాలీల్లో రాసి తలుపు లోపలివైపు అంటించండి.

ధర ఎలా కట్టాలి

పక్క ఫ్లాటు ధర చూసి వంద తగ్గించేవాళ్ళు నెలాఖరుకి చేతి నుంచి పెట్టుకుంటారు. ముందు మీ కనీస ధర కాగితం మీద వేయండి.

ఉదాహరణకి: మామూలు అద్దెకిస్తే వచ్చేది 22,000, మెయింటెనెన్స్ 2,500, కరెంటు 4,000, ఇంటర్నెట్ 800, సామాన్ల తరుగు 2,700. కలిపి నెలకి 32,000. ఒక్కో బసకి శుభ్రం చేయడం 500, ఉతుకు ఇస్త్రీ 350, సబ్బులు, పాలు వగైరా 150. అంటే 1,000. నెలకి 15 రాత్రులు నిండి, సగటున రెండు రాత్రులుంటారనుకుంటే రాత్రికి 2,133 ప్లస్ 500, మొత్తం 2,633. వెబ్‌సైటు కమీషన్ 15 శాతం అనుకుంటే 2,633ని 0.85తో భాగించాలి: సుమారు 3,100. ఇంతకి తక్కువైతే మామూలు అద్దెకిచ్చుకోవడమే మేలు. కమీషన్ ఒక్కో వెబ్‌సైటుకి ఒక్కోలా ఉంటుంది, మీ ఖాతాలో ఉన్న అంకె వేసుకోండి.

అదే 15 రాత్రులూ ఒక్క రాత్రి బసలైతే లెక్క 3,690 దాకా పోతుంది. అందుకే శుక్ర, శనివారాలకి కనీసం రెండు రాత్రుల నిబంధన పెట్టండి. వారం మధ్యలో ఒక రాత్రికి వదలండి. రెండు బుకింగుల మధ్య ఒక్క రోజు చిక్కుకుపోతే, ఆ రోజుకి మాత్రం కనీస నిబంధన తీసేసి కొంచెం తగ్గించి పెట్టండి. ఆ రాత్రి నెల ఖర్చు ఎలాగూ ఉంటుంది, బస ఖర్చు 1,000కి, కమీషన్‌కి పైన ఎంతొచ్చినా లాభమే.

క్లీనింగ్ ఫీజు విడిగా పెద్దది వేస్తే మొత్తం చూసి వెనక్కి వెళ్ళిపోతారు. రాత్రి ధరలోనే కలిపేయండి. జీఎస్టీ సంగతి: రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. పాత ధరల పట్టిక వాడుతున్నవాళ్ళు సరిచూసుకోవాలి.

కొత్త లిస్టింగైతే మొదటి మూడు బుకింగులకి 20 శాతం తగ్గించే ఆఫర్ ఎయిర్‌బీఎన్‌బీలో ఉంటుంది. తీసుకోండి. అప్పుడు మీక్కావలసింది డబ్బుకంటే రివ్యూలు. కాని ఆ మొదటి ముగ్గురినీ సీజను లేని రోజుల్లో రప్పించండి, దసరా రాత్రులు ఆ ఆఫర్‌కి వదలొద్దు.

రైలు వేళకి తాళం

హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి వైజాగ్‌లో ఉంటుంది. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయల్దేరే వందే భారత్ వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. మీ చెక్ ఇన్ మధ్యాహ్నం ఒంటిగంట అని రాసుకుంటే ఇద్దరికీ మీరు పనికిరారు. ముందు రాత్రి ఖాళీగా ఉంటే, ముందు రోజు సాయంత్రం ఆరింటికి మెసేజ్ పెట్టండి: ఉదయం ఆరింటికే గది కావాలంటే ఇంత అని, సగం ధరకి. ఎక్కువమంది ఒప్పుకుంటారు, ఎందుకంటే పిల్లలతో స్టేషన్లో కూర్చోలేరు. ఖాళీ లేకపోతే కనీసం సామాన్లు పెట్టుకోవడానికి, మొహం కడుక్కోవడానికి చోటు చూపించాలి. తిరుగు రైళ్ళు ఎక్కువగా సాయంత్రానివే కాబట్టి చెక్ అవుట్ రోజూ ఇదే ఏర్పాటు కావాలి.

రాత్రివేళ వచ్చేవాళ్ళకి నంబరు తాళం పెట్టెలో తాళం చెవి ఉంచి, ప్రతి బసకీ నంబరు మార్చండి. గేటు నుంచి తలుపు దాకా అయిదు ఫొటోలు తీసి, బాణం గుర్తులు గీసి ముందు రోజే పంపండి. వాచ్‌మన్‌కి అతిథి పేరు, మందెందరో, కారు నంబరు రాసిన చీటీ ఇవ్వాలి. రాత్రి గేటు దగ్గర పది ప్రశ్నలు ఎదురైతే ఇంట్లో అడుగుపెట్టకముందే మనసు చెడుతుంది.

అరకు వెళ్ళేవాళ్ళు కిరండూల్ రైలు కోసం పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళాలి. అద్దాల పెట్టె (విస్టాడోమ్) టికెట్లు ముందే అయిపోతాయని బుకింగ్ ఖాయమైన రోజే చెప్పండి. బొర్రా సుమారు 90 కిలోమీటర్లు, అరకు 115. నమ్మకమైన కారు డ్రైవరు, ముందు రాత్రే పార్సిల్ కట్టిచ్చే టిఫిన్ సెంటరు, ఈ రెండు ఫోన్ నంబర్లు మీ కాగితం మీద ఉంటే చాలు.

మెసేజీలు, రివ్యూలు

అడిగినవాడు ఒకేసారి నలుగురిని అడుగుతాడు. మొదట జవాబిచ్చినవాళ్ళదే బుకింగ్. పార్కింగ్, వంట, ఐడీ, దారి, ముందుగా దిగడం, ఈ అయిదు ప్రశ్నలకి జవాబులు ఇంగ్లీషు, హిందీల్లో ముందే టైపు చేసి ఫోన్లో దాచుకోండి. ఎయిర్‌బీఎన్‌బీలో సూపర్‌హోస్ట్ గుర్తు రావాలంటే గడచిన ఏడాదిలో 4.8 రేటింగ్, 90 శాతం జవాబులు 24 గంటల్లోపు, మీవైపు నుంచి రద్దులు 1 శాతం లోపు, కనీసం 10 బసలు ఉండాలి. మూడు నెలలకోసారి లెక్క చూస్తారు.

రద్దు రావడానికి పెద్ద కారణం రెండు వెబ్‌సైట్లలో ఒకే రాత్రి అమ్ముడవ్వడం. క్యాలెండర్లు కలిపినా కబురు చేరడానికి గంటలు పడుతుంది. పండగ రోజుల్లో ఒక వెబ్‌సైటులోనే తెరిచి ఉంచండి, లేదా ఒకచోట బుకింగ్ రాగానే రెండోచోట చేత్తో మూసేయండి.

వచ్చిన రెండు గంటల తర్వాత ఒక మెసేజ్: ఏసీ, వేడినీళ్ళు, వైఫై బాగున్నాయా? ఈ ఒక్క ప్రశ్న చెడ్డ రివ్యూలని చాలావరకు ఆపుతుంది, ఎందుకంటే సమస్య ఇంకా మీకు అందుబాటులో ఉన్నప్పుడే బయటపడుతుంది. వెళ్ళిన రోజు సాయంత్రం రివ్యూ అడగండి. గడువు 14 రోజులే, నాలుగో రోజు దాటితే మర్చిపోతారు. చెడ్డ రివ్యూ వస్తే మూడు వాక్యాలు: జరిగింది ఒప్పుకోండి, ఏం మార్చారో చెప్పండి, ఏ తేదీ నుంచి మారిందో చెప్పండి. వాదన వద్దు. ఆ జవాబు రాసినవాడి కోసం కాదు, రేపు చదివేవాడి కోసం.

కాగితాలు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్క పొరుగు ఫిర్యాదుతో సీజను మధ్యలో మూతపడే ఫ్లాట్లు ఇది లేనివే. కరెంటు కేటగిరీ, ఆస్తి పన్ను, పోలీసు స్టేషన్ సమాచారం గురించి స్థానిక ఆఫీసుల్లో ముందే అడగండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి దిగితే 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్లో (విదేశీయుల నమోదు కార్యాలయం వెబ్‌సైటులో) వివరాలు ఎక్కించాలి. సంక్రాంతికి వచ్చే మన తెలుగువాళ్ళలోనూ అలాంటివాళ్ళుంటారు, పేరు చూసి వదిలేయకండి. ఆధార్ కాపీ తీసుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కప్పిన మాస్క్‌డ్ ఆధార్ చాలు.

బుకింగులు తగ్గితే ఎక్కడ చూడాలి

నెలకోసారి వెబ్‌సైటులోని వ్యూస్ లెక్క తెరవండి. చూసేవాళ్ళే తగ్గితే తప్పు మొదటి ఫొటోలో, ధరలో, లేదా మూసి ఉంచిన క్యాలెండర్లో ఉంటుంది. చూసేవాళ్ళున్నా బుక్ చేయకపోతే లోపలి ఫొటోలు, చివరి మొత్తం, ఇటీవలి రెండు రివ్యూలు చూడండి. అడిగి కూడా వెళ్ళిపోతుంటే వాళ్ళడిగిన ప్రశ్నలే చదవండి. ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చిందంటే దాని జవాబు లిస్టింగులో లేదన్నమాట. ఆ రోజే రాసేయండి, వీలైతే ఫొటోతో. ఒకసారి ఒక్క మార్పే చేసి రెండు వారాలు ఆగండి. ఫొటో, ధర, టైటిల్ మూడూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాతి ఆషాఢానికి మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి.